గుండె వాల్వు మార్పిడి: మెకానికలా, టిష్యూనా?

గుండెలో నాలుగు వాల్వులు ఉంటాయి. రక్తం ఒకే దిశలో పోయేలా చూడటమే వీటి పని. వాల్వు బిగుసుకుపోతే రక్తం ముందుకు సాగదు, సరిగా మూసుకోకపోతే వెనక్కి కారుతుంది. మన దేశంలో చిన్న వయసులోనే వాల్వులు చెడిపోవడానికి ప్రధాన కారణం రుమాటిక్ జ్వరం. బాల్యంలో గొంతు నొప్పిని నిర్లక్ష్యం చేస్తే వచ్చే ఈ జబ్బు, ఏళ్ల తర్వాత ఆయాసం, గుండెదడగా బయటపడుతుంది. రిపేరుకు వీలుకాని వాల్వును తీసేసి కొత్తది అమరుస్తారు. అందులో రెండు రకాలున్నాయి.

మెకానికల్ వాల్వు: లోహం, కార్బన్ వంటివాటితో చేస్తారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన దేశీ వాల్వును 1990లో తొలిసారి రోగికి అమర్చారు. ఇవి దశాబ్దాల పాటు పనిచేస్తాయి. కానీ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మోతాదు సరిపోతోందో లేదో తెలియడానికి తరచూ ఐఎన్ఆర్ రక్తపరీక్ష తప్పదు. మాత్ర మానేస్తే వాల్వు మూసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. ఎక్కువైతే రక్తస్రావం.

టిష్యూ వాల్వు: పంది వాల్వుతో గానీ, పశువు గుండె పైపొరతో గానీ చేస్తారు. సాధారణంగా జీవితాంతం వార్ఫరిన్ అక్కర్లేదు. అయితే 10 నుంచి 15 ఏళ్లలో అరిగిపోవచ్చు, చిన్న వయసువారిలో ఇంకా త్వరగా. అప్పుడు మళ్లీ వాల్వు మార్చాల్సి వస్తుంది.

పంది వాల్వు అనగానే ముస్లిం కుటుంబాలకు, ఆవు అనగానే మరికొందరికి సందేహం రావడం సహజం. ఆ మాట ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెబితే వేరే రకం చూస్తారు. వేరే దారి లేనప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి అనుమతి ఉందని చాలామంది ఉలమాలు చెబుతారు.

పిల్లలు కావాలనుకునే మహిళలు ఈ సంగతి ముందే చెప్పాలి. వార్ఫరిన్ గర్భంలోని బిడ్డకు హాని చేయవచ్చు. ఈ మాత్ర వాడుతూ గర్భం వచ్చిందని అనుమానం వస్తే తమంతట తాము మానేయకుండా, ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవాలి.

వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ దాదాపు ఒకే మోతాదులో తింటే చాలు. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు కొనుక్కోకూడదు. పన్ను పీకించుకునే ముందు వాల్వు సంగతి డెంటిస్టుకు చెప్పాలి. రంజాన్‌లో మాత్ర వేళ మార్చుకోవాలన్నా డాక్టర్‌ను అడిగాకే మార్చుకోవాలి.