చేమంతితో వచ్చిన చుట్టం

మా అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. అమెరికాలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి బయలుదేరుతూ, "ఏం తెమ్మంటావే?" అని ఫోనులో అడిగాను. ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు అంటూ పెద్ద పట్టీ చదువుతుందని కాగితం, కలం పట్టుకుని కూచున్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "అవేవీ వద్దక్కా. పెరట్లో అమ్మ పెంచిన చేమంతి పిలక ఒకటి తీసుకురా, చాలు" అంది.

అమ్మ ఆఖరి చూపుకు అది రాలేకపోయింది. ఆ మాట నేనూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు.

తెనాలి దగ్గర మా పుట్టింట్లో నూతి పక్కన ఉంటుంది ఆ చేమంతి మడి. సంక్రాంతి నెలలో ఆ పసుపుపచ్చని పూలే మా గొబ్బెమ్మలకు అలంకారం. మొక్క ముదిరిపోగానే అమ్మ పిలకలు విడదీసి మళ్ళీ నాటేది. అలా ఏటేటా అదే మొక్క! నేను జాగ్రత్తగా ఒక పిలక తీసి, వేళ్ళకున్న మట్టి కడిగి, తడిగుడ్డలో చుట్టి, పట్టుచీర మడతల్లో దాచాను. విమానం దిగాక, "మొక్కలు, విత్తనాలు ఏమైనా తెచ్చారా?" అని అడిగితే లేవన్నాను. అబద్ధమే! అది మొక్క అన్న సంగతి నాకు ఆ క్షణాన తోచలేదంటే నమ్ముతారా?

మనుషులు నమ్మినా కుక్కలు నమ్మవు. పొట్టికాళ్ళ కుక్క ఒకటి నా పెట్టెను వాసన చూసి, దాని పక్కనే బుద్ధిమంతురాలిలా కూచుంది. పెట్టె తెరిపించారు. అధికారి ఆ పిలకను పైకెత్తి, ఒక ఆకును దీపానికెదురుగా పట్టి నాకు చూపించాడు. ఆకు మీద తెల్లని గీత ఒకటి, చంటిపిల్ల పలక మీద సున్నం గీసినట్టు వంకర టింకరగా తిరిగి ఉంది. అమ్మ పెరట్లో ఆ గీతలు ఎన్నోసార్లు చూసినవే. "ఆకుల మీద ఎవరో ముగ్గేశారే!" అని అమ్మ నవ్వేది కూడా. ఆయన మాత్రం నవ్వలేదు. జరిమానా లేకుండా మందలించి వదిలిపెట్టాడు గానీ, మా అమ్మ చేమంతి చెత్తడబ్బాలోకి వెళ్ళిపోయింది.

బయట ఎదురుచూస్తున్న చెల్లెలిని చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. "పోనీలే అక్కా" అంటూ అదే నన్ను ఓదార్చింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ నా కడుపు మండుతూనే ఉంది. ఒక్క ఆకుకు, ఒక్క గీతకు ఇంత రాద్ధాంతమా! మన మొక్కలంటే అంత చులకనా!

హైదరాబాదు వచ్చాక ఈ గోడు మా మరిది దగ్గర వెళ్ళబోసుకున్నాను. అతను వ్యవసాయ శాస్త్రం చదివినవాడు. అంతా విని, "ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆ గీతలున్న ఆకులు నాలుగు పట్రండి వదినా" అన్నాడు. తెచ్చాను. వాటిని గాజుసీసాలో వేసి, మూతికి పల్చని గుడ్డ కట్టి కిటికీలో పెట్టాడు. రెండు రోజుల్లో సీసా అడుగున నువ్వుగింజలో సగం కూడా లేని గోధుమరంగు గింజలు కనిపించాయి. మరో పది రోజులకు వాటిలోంచి ఈగలు వచ్చాయి. పట్టుమని రెండు మిల్లీమీటర్లు లేవు. భూతద్దంలో చూస్తే నలుపూ పసుపూ కలిసి, ముద్దుగానే ఉన్నాయి.

మరిది నవ్వి, "వదినా, మీరు అమెరికా తీసుకెళ్ళింది మన పురుగును కాదు. వాళ్ళ ఆడపడుచును వాళ్ళింట దిగబెట్టబోయారు" అన్నాడు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. పానిపట్టు యుద్ధాలు మూడూ ఏయే సంవత్సరాల్లో జరిగాయో ఇప్పటికీ చెప్పగలను. కానీ ఈగకు కూడా చరిత్ర ఉంటుందని, అందులో మన హైదరాబాదు పేరు ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. విన్నాక ఆశ్చర్యపోయాను. మీరూ వినండి.

ఈ ఈగ వర్ణన మొదట 1880లో అమెరికా వ్యవసాయ శాఖ నివేదికలో వచ్చింది. అప్పుడు ఆ శాఖలో కీటక శాస్త్రవేత్త జాన్ హెన్రీ కామ్‌స్టాక్. ఆయన నివేదికలో దీన్ని వర్ణించి పేరుపెట్టినవాడు ఎడ్వర్డ్ బర్జెస్. క్లోవర్ అనే మూడాకుల గడ్డిమొక్క పేరు మీదుగా 'ట్రైఫోలై' అన్నాడు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు లిరియోమైజా ట్రైఫోలై అంటారు. బర్జెస్ కథ కూడా తమాషాగా ఉంటుంది. కుటుంబం ఆర్థికంగా చితికిపోవడంతో ఈగలను వదిలి, పందెపు తెరచాప పడవల నమూనాలు గీయడం మొదలుపెట్టాడు. 1885, 1886, 1887లలో వరుసగా మూడుసార్లు ఆయన పడవలే అమెరికా కప్పు గెలిచాయి. ఆయన పడవలు సముద్రం మీద పందేలు గెలిస్తే, ఆయన పేరుపెట్టిన ఈగ ఏ తెరచాపా లేకుండానే సముద్రాలన్నీ దాటింది!

ఎలా దాటిందంటారా? దాని కాపరం తీరు తెలిస్తే ఆ సంగతి బోధపడుతుంది. ఆడ ఈగకు కడుపు చివర సూది వంటి అవయవం ఉంటుంది. దానితో ఆకును పొడిచి, ఊరిన రసం తాగుతుంది, కొన్ని చోట్ల లోపల గుడ్డు పెడుతుంది. మగ ఈగకు ఆ సూది లేదు. పాపం, ఆడది పొడిచిన చోటికి చేరి ఆ రసమే తానూ తాగుతుంది. (ఈ ముక్క వినగానే వంటింట్లో వేడి వేడి అట్టు కోసం కూచున్న మావారి వంక చూశాను. చెప్పొద్దూ, ఎంత నవ్వొచ్చిందో!) రెండు నాలుగు రోజుల్లో గుడ్డు పగిలి పిల్లపురుగు బయటపడుతుంది. ఆకు పైపొర, కింది పొర అలాగే ఉంచి మధ్యనున్న పచ్చని కండను తినుకుంటూ దారి చేసుకుంటుంది. మనం చూసే ముగ్గు ఆ దారే. పురుగు పెద్దదవుతున్నకొద్దీ గీత వెడల్పవుతుంది. వారం తిరక్కుండానే ఆకును చీల్చుకుని నేల మీదికి దూకి, మట్టిలో గూడు కట్టి, మళ్ళీ ఈగగా లేస్తుంది. ఎండ కాలమైతే మూడు వారాలలోపే ఒక తరం!

అంటే గుడ్డు దశలో ఆకు మీద గీత కూడా ఉండదు. చూడ్డానికి కొమ్మ నవనవలాడుతూనే ఉంటుంది. ఈ దొంగతనమే దానికి పాస్‌పోర్టు అయింది.

పుట్టినచోట కూడా అది మొదట్లో ఇంత రాక్షసి కాదు. ఆకులో దాక్కున్నా దాన్ని పసిగట్టే బుల్లి కందిరీగలు ఉన్నాయి. అవి పురుగు దగ్గర గుడ్లు పెడితే, ఆ పిల్లలు పురుగును తినేస్తాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత డి.డి.టి. వంటి మందులు విరివిగా చల్లడం మొదలైంది. ఆకు పొరల మధ్య పురుగు సుఖంగానే ఉంది, బయట తిరిగే కందిరీగలు చచ్చాయి. పైగా ఏ మందైనా నాలుగు తరాలు చవిచూసి దానికి అలవాటు పడిపోయింది. ఫ్లోరిడాలో ఏ కొత్త మందైనా దీని మీద పనిచేసింది రెండు నుంచి నాలుగేళ్ళేనట! కాపలా కుక్కలకు విషం పెట్టి దొంగను ఇంట్లో ఉంచుకున్నట్టయింది.

ఇక పూల వ్యాపారం దానికి రెక్కలిచ్చింది. ఫ్లోరిడా తోటల్లో చేమంతి కొమ్మలు కత్తిరించి దేశదేశాలకు పంపేవారు. 1976లో అలాంటి కొమ్మల వెంట ఈ ఈగ ఆఫ్రికాలోని కెన్యాకు చేరింది. 1970ల చివరికల్లా యూరపు గాజుగదుల్లో కనిపించింది. 1990లో జపానులోనూ దిగింది. కాలిఫోర్నియాలో 1981, 1985 మధ్య చేమంతి సాగుకు దీనివల్ల 9 కోట్ల 30 లక్షల డాలర్ల నష్టమని లెక్కగట్టారు. ప్రయాణంలో పువ్వు చెడకుండా ఉండాలని పెట్టే శీతలపెట్టె కూడా గుడ్డును వెంటనే చంపదు. అందుకని శాస్త్రజ్ఞులొక ఉపాయం చెప్పారు. కొమ్మలు కోశాక మూడు నాలుగు రోజులు బయటే ఉంచి గుడ్లు పగలనివ్వాలి. ఆ తరువాత సున్నా డిగ్రీల చలిలో ఒకటి రెండు వారాలు ఉంచితే పురుగులు చస్తాయి.

మన దేశానికి 1990-91 ప్రాంతంలో వచ్చింది. చేమంతి కొమ్మలతోనే వచ్చిందని శాస్త్రవేత్తల అభిప్రాయం. మొట్టమొదట కంటపడింది ఎక్కడనుకున్నారు? మన హైదరాబాదులో, ఆముదపు ఆకుల మీద! ఆముదం మీద ఇంతవరకు ఎరగని ఆకు తొలిచే పురుగు కనిపించిందని 1992లో నూనెగింజల పరిశోధన పత్రికలో ప్రకటించారు. మహబూబ్‌నగర్, నల్గొండ మెట్టచేలలో ఆముదమే ఆధారంగా బతికిన కుటుంబాలెన్నో. ఆ తరువాత టమాటా, బీర, దోస, చిక్కుడు, బెండ, పత్తి, బంతి దేన్నీ వదల్లేదు. లేత మొక్కల ఆకులు ఎండి రాలిపోతే రైతు చేతికి వచ్చేదేముంది? మనం బజారులో టమాటా ధర చూసి గుండెలు బాదుకుంటాం. ఆ ధరలో ఇలాంటి చుట్టాల భోజనం ఖర్చు కూడా కలిసే ఉంటుంది.

అలాగని సరిహద్దుల్లో కాపలా మనకు లేదని కాదు. హానిచేసే పురుగులు మొక్కలతో రాకుండా 1914లోనే మన దేశంలో చట్టం చేశారు. 2003లో మరింత కట్టుదిట్టమైన ఉత్తర్వులు వచ్చాయి. కానీ చట్టానికి కళ్ళు మనమే కదా! చీరల మడతల్లో దాచేవాళ్ళం నాలాంటి వాళ్ళం ఉంటే చట్టం ఏం చేస్తుంది?

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇంకొకటి ఉంది. ఈ ఈగ మనదాకా రాకముందే మన వేప దాని మీదికి యుద్ధానికి వెళ్ళింది! అమెరికా శాస్త్రవేత్తలు వేపగింజల రసాన్ని ఈ ఈగ మీద ప్రయోగించి, 1983లో ఫలితాలు ప్రకటించారు. 1985లో మార్గోసాన్-ఓ అనే వేపమందుకు అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, మొదట తిండి పంటలకు కాదు, పూలమొక్కల వంటి వాటికి. మన వాకిట్లో చెట్టు అక్కడ వైద్యం చేస్తుంటే, అక్కడి రోగం మన వాకిట్లోకి వచ్చింది. మన కందిరీగలు కూడా ఊరుకోలేదు. హెమిప్టార్సెనస్ వేరికోర్నిస్ అనే పొడుగు పేరున్న చిట్టి కందిరీగ ఈ కొత్త చుట్టాన్ని వేటాడడం మొదలుపెట్టింది.

నాకు ఇంకో సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. అమ్మ మంచం పట్టిన ఏడాది, చేమంతులు పాడవుతున్నాయని నేనే బజారు నుంచి ఘాటైన మందు తెచ్చి రెండుసార్లు కొట్టించాను. ఆ తరువాతే గీతలు మరీ ఎక్కువయ్యాయి! కాపలా కుక్కలకు విషం పెట్టినవాళ్ళలో నేనూ ఒకతెనన్నమాట.

ఇప్పుడు ఆ మడికి మందులు లేవు. గీత పడ్డ ఆకు కనబడితే తుంచి కాల్చేయడమే. వేపపప్పు యాభై గ్రాములు దంచి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే గుడ్డలో వడగట్టి, కాస్త సబ్బు నురగ కలిపి చల్లిస్తున్నాను. ఈ ఈగకు పసుపురంగంటే మోజు. అందుకని పసుపురంగు అట్టకు ఆముదం పూసి కర్రకు కట్టాం. ఆముదపు ఆకు తిన్న ఈగ ఆముదానికే అంటుకుంటోంది!

మొన్న సంక్రాంతికి మా చెల్లెలు వచ్చింది. అక్కడ అంగళ్ళలో దొరికే పసుపు చేమంతి కుండీ ఒకటి కొని, అమ్మ ఫోటో ముందు పెట్టుకున్నానని చెప్పింది. భోగినాడు పొద్దున్నే ఇద్దరం మడి దగ్గరికి వెళ్ళాం. పూలు కోస్తూ కోస్తూ ఒక ఆకు దగ్గర ఆగి, "ఇదేనా అక్కా ఆ ముగ్గు?" అంది.

"ఇదే" అన్నాను.

అది చాలాసేపు ఆ గీతను చూసి, ఆకు తుంచి నా చేతిలో పెట్టింది. తిరిగి వెళ్ళేటప్పుడు పెట్టె సర్దుతూ ఏం కావాలని అడిగాను. "ఆవకాయ పెట్టు, అప్పడాలు పెట్టు" అంది. పిలక మాత్రం అడగలేదు. "అది ఇక్కడే ఉండనీ అక్కా. నేనే వస్తూ ఉంటాను" అంది.