బెంజి లారీ

టెల్కో (నేటి టాటా మోటార్స్), జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ కలిసి 1954 నుంచి 1969 దాకా జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన డీజిల్ లారీలకు వాడుకలో నిలిచిన పేరు. ఈరోజు బెంజి అనగానే శ్రీమంతుల కారు గుర్తుకొస్తుంది. అయితే వరంగల్ వంటి ఊళ్లకు ఆ కంపెనీ గుర్తయిన మూడు కోణాల నక్షత్రం మొదట వచ్చింది లారీ ముందు భాగం మీదే. మన నేలకు సంబంధించినంత వరకు ఆ జర్మన్ కంపెనీ చరిత్రను లారీతో మొదలుపెట్టడమే న్యాయం.

కంపెనీ మూలాలు రెండు. మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886 జనవరి 29న పేటెంటుకు దరఖాస్తు చేశాడు. రెండేళ్ల తర్వాత ఆయన భార్య బెర్తా ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని ఫోర్జ్‌హైమ్ దాకా నూరు కిలోమీటర్లకు పైగా ఆ బండి నడిపి, అది పనికొస్తుందని లోకానికి చూపించింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల దుకాణంలో కొనుక్కుంది. మరోవైపు గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాక్ వేరుగా ఇంజిన్లు చేస్తూ 1896లో మోటారు లారీని తయారుచేశారు. ఈ రెండు సంస్థలూ 1926లో డైమ్లర్-బెంజ్‌గా కలిసిపోయాయి.

లారీ కథలో అసలు మలుపు డీజిల్. తొలినాటి డీజిల్ ఇంజిన్‌లో నూనెను సిలిండర్‌లోకి చిమ్మడానికి గాలిని గట్టిగా అదిమే కంప్రెసర్ కావాలి. ఆ బరువుతో ఇంజిన్ ఫ్యాక్టరీలోనో ఓడలోనో ఉండాల్సిందే. బెంజ్ కంపెనీ ఇంజినీరు ప్రాస్పర్ లోరాంజ్ 1909లో దీనికి దారి కనిపెట్టాడు. సిలిండర్ పైన చిన్న గది పెట్టి, డీజిల్‌ను ముందు అందులోకి చిమ్మాడు. అక్కడ కొంత మండగానే పుట్టిన ఒత్తిడి మిగతా నూనెను మంటతో సహా సిలిండర్‌లోకి తోస్తుంది. కంప్రెసర్ అవసరం తప్పింది. 1923లో బెంజ్ డీజిల్ లారీ రోడ్డెక్కింది. డీజిల్ కారు (260 డి) రావడానికి 1936 దాకా పట్టింది. అంటే ఈ విద్యలో కారుకు లారీయే అక్క.

ఇక మన నేలకు వస్తే, వరంగల్ అప్పుడున్న నిజాం రాష్ట్రంలో బ్రిటిష్ మోటార్లు తిరిగేవి. 1932లో మొదలైన నిజాం రోడ్డు రవాణా శాఖ బస్సులు స్కాట్లాండుకు చెందిన ఆల్బియన్ కంపెనీవి. స్వాతంత్ర్యం తర్వాత, రైలింజన్లు చేయడానికి 1945లో పుట్టిన టెల్కో లారీల వైపు తిరిగి, 1954లో డైమ్లర్-బెంజ్‌తో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుంది. తొలి మోడల్ టి.ఎం.బి. 312. అందులోని ఆరు సిలిండర్ల ఇంజిన్ లోరాంజ్ చిన్న గది పద్ధతిదే. చలికాలం తెల్లవారుజామున డ్రైవరు ఆ గదులను వేడిచేసే హీటరు మీట లాగి, డ్యాష్‌బోర్డులోని చిన్న తీగచుట్ట ఎర్రబడేదాకా ఆగి, అప్పుడు స్టార్టు చేసేవాడు. ఆ ఎరుపు లేకుండా ఎంత తిప్పినా బండి లేవదు.

కంపెనీ నుంచి లారీ పూర్తిగా తయారై వచ్చేది కాదు. ఇంజిను, చక్రాలు, బోనెట్ ఉన్న ఛాసీ మాత్రమే వచ్చేది. తలుపులూ కప్పూ లేని ఆ బండి మీద, తలకు తువ్వాలు చుట్టుకుని, డ్రైవరు వందల మైళ్లు నడుపుకొచ్చేవాడు. క్యాబినూ, సరుకు వేసే తొట్టీ ఇక్కడి వడ్రంగులు, కమ్మరులు కట్టేవారు. విజయవాడ ఆటోనగర్ ఈ పనికి దేశమంతటా పేరు తెచ్చుకుంది. అక్కడి బెంజి సర్కిల్‌కు ఆ పేరు దగ్గర్లోని టాటా-బెంజి లారీల సంస్థ వల్లే వచ్చిందని నగరవాసులు చెబుతారు. జర్మన్ ఇంజిన్ మీద తెలుగు చేతి కొయ్యపని కూర్చున్న ఈ కలయికను చరిత్రకారులు పట్టించుకోకపోవడం లోటే.

వరంగల్ ఆటోనగర్ వంటి చోట్ల మెకానిక్‌లు ఈ ఇంజిన్ల కుటుంబాన్ని పుస్తకం లేకుండా, చేత్తోనే నేర్చుకున్నారు. ట్యాంకు ఖాళీ అయి పైపుల్లో గాలి చేరితే బండి లేవదు. ‘గాలి తీయాలి’ అంటారు. ఫిల్టరు మీది నట్టు కాస్త వదులుచేసి, చేతిపంపు కొడుతూ ఉంటే ముందు నురగ వస్తుంది. బుడగలు పూర్తిగా పోయి స్వచ్ఛమైన డీజిల్ ధారగా కారగానే నట్టు బిగిస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి బస్తాలు మోసిన లారీలను రాత్రికి రాత్రి రోడ్డెక్కించింది ఈ చేతివిద్యే.

1969లో ఒప్పందం ముగిసింది. నక్షత్రం పోయి ఆ స్థానంలో టాటా గుర్తు ‘టి’ వచ్చింది. ఇంజిన్ వంశం మాత్రం తెగలేదు. టాటా 692, 697 అనే పేర్లలో ఆరు అంటే సిలిండర్ల సంఖ్య, మిగతా రెండంకెలు సిలిండర్ బోరు మిల్లీమీటర్లలో. 97 మి.మీ. బోరు, 128 మి.మీ. స్ట్రోకు జర్మన్ ఓ.ఎం. 352 ఇంజిన్ కొలతలే.

కార్లు ఆలస్యంగా వచ్చాయి. 1994లో టెల్కోతో కలిసి మెర్సిడెస్-బెంజ్ ఇండియా ఏర్పడి, మరుసటి ఏడు పుణె దగ్గర ఇ-క్లాస్ కార్ల బిగింపు మొదలుపెట్టింది. 2009లో చాకన్‌లో సొంత ఫ్యాక్టరీ తెరిచింది. లారీల్లోకి డైమ్లర్ 2012లో తిరిగొచ్చింది, చెన్నై దగ్గరి ఒరగడంలో, భారత్‌బెంజ్ అనే పేరుతో.