గంధక్ నుస్ఖా: నానీ పొట్లం నుంచి ఫేస్‌వాష్ దాకా

మా బేటీ ఇంటర్ మొదటి సంవత్సరం. పోయిన నెల ఒక రాత్రి మూడు దవాలు తెచ్చి నా ముందు బల్ల మీద పెట్టింది. ఒకటి గంధకం సబ్బు, ఒకటి సల్ఫర్ ఫేస్‌వాష్, ఇంకొకటి సల్ఫర్ మాస్క్. "అబ్బా, ముహాసేకి వీటిలో ఏది మంచిది?" అంది. అడుగుతున్నప్పుడు కూడా దుపట్టా కొంగు చెంపకి అడ్డం పెట్టుకునే ఉంది.

ఆ అడ్డం పెట్టుకోవడం నాకు బాగా తెలుసు. తొమ్మిదో జమాత్‌లో నేనూ దస్తీ అడ్డం పెట్టుకుని కర్నూలు గల్లీల్లో తిరిగినవాణ్ణే. అప్పుడు మా నానీ అత్తార్ దుకాణం నుంచి గంధక్ పొట్లం తెప్పించింది. నూరి, కొబ్బరి నూనెలో కలిపి, ఇషా నమాజ్ తర్వాత నా మొహం నిండా పూసింది. ఫజర్‌కి లేచేసరికి చెంపలు మండిపోతున్నాయి. మూడోనాటికి తోలు పొరలు పొరలుగా లేచింది. నా వేలికున్న చాందీ ఉంగరం నల్లబడింది. ఇంట్లో అందరూ నజర్ తగిలిందన్నారు. వెండిని గంధకం అలాగే నల్లగా చేస్తుందని నాకు డిగ్రీలో చేరాక గానీ తెలీలేదు.

అందుకే బేటీకి వెంటనే జవాబు చెప్పలేదు. పేపర్‌వాణ్ణి కదా, ముందు కితాబులు తిరగేశాను. తిరగేస్తే మా నానీ పొట్లం వెనకాల వెయ్యేళ్లకు మించిన తారీఖ్ కనబడింది.

అరబ్బీలో గంధకాన్ని కిబ్రీత్ అంటారు. కువైట్‌కో జెద్దాకో పోయివచ్చిన మన కడప, కర్నూలు వాళ్లని అడిగితే కిబ్రీత్ అంటే అగ్గిపెట్టె అంటారు. అదే మాట, అదే వస్తువు. పాత రోజుల్లో కీమియాగర్లకి దీని మీద పెద్ద ఖ్వాబులుండేవి. గంధకం, పాదరసం కలిసే లోహాలన్నీ పుడతాయన్నది జాబిర్ బిన్ హయ్యాన్ పేరుతో వచ్చిన కితాబుల నజరియా. మామూలు లోహాన్ని బంగారం చేసే కిబ్రీత్-ఎ-అహ్మర్, అంటే ఎర్ర గంధకం, ఒకటుందని వాళ్లు వెతికారు. అది ఎవరికీ దొరకలేదు. చివరికి దొరకని వస్తువుకే ఆ పేరు సామెతగా మిగిలింది. దొరికే పసుప్పచ్చ గంధకం మాత్రం నిశ్శబ్దంగా హకీంల పెట్టెలోకి చేరింది.

చేరిన దారి కూడా చెప్పాలి. యునానీ అన్న పేరులోనే యూనాన్, అంటే గ్రీస్ ఉంది. గ్రీకు వైద్యుడు డయాస్కోరిడీస్ రాసిన ఔషధాల గ్రంథాన్ని 9వ శతాబ్దంలో బగ్దాద్‌లో ఇస్తిఫన్ బిన్ బాసిల్ అరబ్బీలోకి తెచ్చాడు. హునైన్ బిన్ ఇస్‌హాక్ దాన్ని దిద్దాడు. వాళ్లిద్దరూ ఈసాయీలు. ఆ తర్వాత ఇబ్న్ సీనా (980-1037) తన 'అల్ ఖానూన్' రెండో సంపుటంలో కిబ్రీత్‌ని గజ్జి, తామర లాంటి చర్మరోగాల దవాల్లో చేర్చాడు.

నన్ను ఆపిన సంగతి మాత్రం నాలుగో సంపుటంలో ఉంది. అందులో జీనత్ పేరుతో ఒక భాగం పెట్టాడు. జుట్టు, చర్మం, రంగు, మచ్చలు, గోళ్లు, ఇవన్నీ అందులోనే. ముక్కు మీద, చెంపల మీద పాలచుక్కల్లా లేచే పొక్కులకి 'బుసూర్-ఎ-లబనియా' అని పేరు. లబన్ అంటే పాలు. ఇవాళ్టికీ యునానీ హకీంలు ముహాసేని ఆ పేరుతోనే రాస్తారు. జ్వరాలు, విరిగిన ఎముకలు ఉన్న కితాబులోనే మొటిమలకీ చోటుంది. 'వయసులో అందరికీ వస్తాయి, పోతాయిలే' అని ఆ హకీం తోసెయ్యలేదు. మన ఇళ్లల్లో మనం రోజూ చేసేది అదే.

నానీ చేసిన తప్పు కూడా ఆ సంప్రదాయంలోనే తెలిసింది. గనిలోంచి వచ్చిన గంధకంలో మట్టి ఉంటుంది, ఒక్కోసారి సంఖియా, అంటే పాషాణం కూడా ఉంటుంది. అందుకే హకీంలు ఆమ్లాసార్ గంధక్‌ని ముందు శుద్ధి చేస్తారు. గరిటెలో నెయ్యి వేసి, గంధకం కరిగించి, గుడ్డ కట్టిన పాలగిన్నెలోకి వంపుతారు. చల్లారాక కడిగి, మళ్లీ అదే పని. ఆయుర్వేద వైద్యుల గంధక శోధన కూడా దాదాపు ఇదే. ఈ పద్ధతి మీద హకీంకీ వైద్యుడికీ తగాదా లేదు. మా ఇంట్లో మాత్రం నుస్ఖా సగమే మిగిలింది. దవా పేరు గుర్తుంది, శుద్ధీ ఖురాకూ మర్చిపోయాం.

యూరప్‌లోనూ పాల మాటే. గంధకాన్ని సున్నంతో ఉడికించి, ఆమ్లం కలిపి, అడుగుకి దిగిన మెత్తటి పొడిని 'గంధకపు పాలు' అన్నారు. గింజ ఎంత సన్నగా ఉంటే చర్మం మీద అంత సమంగా పరుచుకుంటుంది. 18వ శతాబ్దంలో కరోలీన్ కుమ్మర్‌ఫెల్డ్ అనే జర్మన్ నటి పేరు మీద ఒక గంధకం లోషన్ మషూర్ అయింది. చెహ్రాయే రోజీ అయిన మనిషి కదా! అమెరికాలో 1950లో వచ్చిన క్లియరాసిల్‌లో కూడా గంధకమే, రిసార్సినాల్‌తో కలిపి.

అసలు ముఖద్దమా వచ్చింది 1972లో. మిల్స్, క్లిగ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు గంధకం మొటిమలను తగ్గించడం అటుంచి, రంధ్రాలను పూడ్చి కొత్తవి పుట్టిస్తుందేమో అన్నారు. 1978లో స్ట్రాస్ బృందం మళ్లీ పరీక్షించి, అలాంటిదేమీ కనబడలేదంది. చివరికి 1991లో అమెరికా ఎఫ్‌డీఏ తన నియమావళిలో చీటీ లేకుండా అమ్మే మొటిమల మందుల్లో గంధకాన్ని 3 నుంచి 10 శాతం వరకు ఒప్పుకుంది.

ఇక బేటీ సవాల్. మూడింటిలోనూ గంధకం ఒకటే. చర్మం పైపొరలో చచ్చిన కణాలను వదులు చేస్తుంది, జిడ్డు ఆరబెడుతుంది, క్రిములను కొంత అణుస్తుంది. తేడా మూడు విషయాల్లోనే. ఒకటి శాతం: లేబుల్ మీద అంకె రాయని సీసాని నేను పక్కన పెట్టేస్తాను. రెండు, చర్మం మీద ఎంతసేపు ఉంటుందన్నది: ఫేస్‌వాష్ నిమిషంలో నీళ్లతో పోతుంది, అందుకే అది మెత్తన. మాస్క్ పది నిమిషాలుంటుంది, పనీ ఎక్కువ, మంటా ఎక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మా నానీది రాత్రంతా ఉంది! మూడు, పక్కన కలిపినవి: సబ్బులో ఉండే క్షారం ఒక్కటే చర్మాన్ని ఎండగడుతుంది. అయిదుసార్లు వజూ చేసే మొహానికి ప్రతిసారీ సబ్బు అవసరం లేదు, నీళ్లు చాలు. సాలిసిలిక్ ఆసిడ్ కూడా కలిసి ఉంటే ఎండడం ఇంకా పెరుగుతుంది.

గంధకం పెద్ద పహిల్వాన్ కాదు. చిన్న చిన్న పొక్కులకి, జిడ్డు చర్మానికి సరిపోతుంది. లోపల గడ్డకట్టి నొప్పిపెట్టేవాటికి చాలదు. డాక్టర్లు ఇప్పుడు మొదట రాసేవి బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ లాంటివి. యునానీ మీద యకీన్ ఉన్నవాళ్లకి హైదరాబాద్ ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసమే జాతీయ యునానీ పరిశోధన సంస్థ ఉంది. ఎక్కడికి వెళ్లినా దవా పేరు, శాతం అడిగి రాసుకోండి.

ఇదంతా చెప్పడం అయ్యాక బేటీ లోపలికెళ్లి నాలుగో దవా తెచ్చింది. పేరు చెరిగిన చిన్న ట్యూబ్. ఒక రిష్తాదారు ఇచ్చిందట, వారంలో చెహ్రా మెరుస్తుందని. చూస్తే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్. మొదట మెరుపు నిజమే, ఆ తర్వాత చర్మం పల్చబడుతుంది, ఎర్రబడుతుంది, మానేస్తే పొక్కులు రెట్టింపు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం ఇలాంటి పూతమందుల మీద షరతు బిగించింది. అయినా మన షాదీ ఇళ్లల్లో చేతులు మారుతూనే ఉంది. నానీ గంధక్ నన్ను మూడు రోజులు మండించి వదిలేసింది. ఈ ట్యూబ్ అలా వదలదు.

ట్యూబ్ చెత్తబుట్టలోకి పోయింది. ఫేస్‌వాష్ ఉంచుకున్నాం, రాత్రిపూట ఒక్కసారి. ఎనిమిది వారాలు చూసి, తగ్గకపోతే చర్మం డాక్టర్ దగ్గరికి. కడుక్కునే ముందు చాందీ ఉంగరం తీసి గూట్లో పెట్టమని చెప్పాను. ఎందుకని అడిగింది. అప్పుడు మా నానీ కథ మొత్తం చెప్పాల్సి వచ్చింది. వింటూ వింటూ నవ్వింది. దుపట్టా ఎప్పుడు జారిందో తనూ చూసుకోలేదు.