కలలో ఎరుక: వాస్తవ పరీక్ష చరిత్ర, పోతన యశోద సందేహం

కల కంటున్న సమయంలోనే అది కల అని తెలిసి ఉండే స్థితిని ఆధునిక మనోవిజ్ఞానం 'లూసిడ్ డ్రీమ్' అంటుంది. ఈ వ్యాసంలో దానిని 'ఎరుక కల' అని వ్యవహరిస్తున్నాను. ఈ స్థితిని అలవరచుకోవడానికి నేడు బహుళ ప్రచారంలో ఉన్న సాధనం 'వాస్తవ పరీక్ష'. పగటివేళ పలుమార్లు "నేనిప్పుడు కలలో ఉన్నానా?" అని ప్రశ్నించుకొని ఒక చిన్న పరీక్ష చేసుకోవాలి. ఒక వాక్యం చదివి, చూపు మరల్చి, మళ్లీ చదవాలి. లేదా ముక్కు మూసుకొని గాలి పీల్చబోవాలి. ఈ అలవాటు కలలోకీ ప్రవేశిస్తే అక్కడ అక్షరాలు మారిపోతాయి, మూసిన ముక్కుతోనే ఊపిరాడుతుంది, కల బయటపడుతుంది. (మన నానుడిలోని గిల్లి చూసుకోవడమూ పరీక్షే. అయితే కలలో గిల్లినా నొప్పి తోచవచ్చు కనుక అది నమ్మదగినది కాదు.) ఇదంతా మన ప్రాచీనులకు తెలిసిన విద్యేనన్న మాట తరచు వినిపిస్తుంది. అందులో సగమే నిజమని, ఆ సగం కూడా మనం సాధారణంగా వెతికే చోట లేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

'లూసిడ్ డ్రీమ్' అనే మాటకు ప్రచారం తెచ్చినవాడు డచ్ రచయిత, వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్. ఆయన 1913లో ప్రకటించిన వ్యాసం ప్రకారం, 1898 జనవరికీ 1912 డిసెంబరుకూ మధ్య అటువంటి కలలు 352 నమోదు చేసుకున్నాడు. వాటిలో ఒక ప్రయోగం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఇది కల అని తెలిసి ఉండగానే ఆయన ఒక గాజు పాత్రను పిడికిలితో బలంగా గుద్దాడు. అది పగలలేదు. కొంతసేపటికి మళ్లీ చూస్తే పగిలి ఉంది! వేళకు అందుకోవలసిన పద్యం ఆలస్యంగా అందుకున్న నటుడిలా వస్తువు ప్రవర్తించిందన్నమాట. తానున్నది నేర్పుగా అనుకరించిన లోకమనీ, అనుకరణలో చిన్న లోపాలు మిగిలాయనీ ఆయనకు తోచింది. తరువాతి వాస్తవ పరీక్షలన్నీ ఈ చిన్న లోపాలను వెతికి పట్టుకునేవే.

అయితే వాన్ ఈడెన్‌ది ఎరుక కలిగిన తరువాతి ప్రయోగం. ఎరుక కలగడానికే పరీక్షను సాధనంగా మలచినవారిలో ముఖ్యుడు జర్మన్ మనోవిజ్ఞాని పాల్ టోలీ. రోజుకు కనీసం ఐదు నుంచి పది సార్లు ఆ ప్రశ్న వేసుకోవాలని ఆయన 1983 నాటి వ్యాసంలో సూచించాడు. ప్రశ్న మొక్కుబడిగా కాక నిజమైన సందేహంతో పుట్టాలి. అంతకు ముందు ఏం జరిగింది, ఇక్కడికి ఎలా వచ్చాను అని వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఎరుక కల ఉన్నదన్న విషయమే అప్పటికి కొద్దికాలం క్రితం ప్రయోగశాలలో రుజువైంది. నిద్రిస్తున్న వ్యక్తి ముందుగా అనుకున్న విధంగా కళ్లు కదిలించి సంకేతం పంపడాన్ని 1975లో ఇంగ్లండులో కీత్ హర్న్ నమోదు చేశాడు. స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ బృందం స్వతంత్రంగా అదే ఫలితం సాధించి 1981లో ప్రకటించింది. పరీక్ష ఒక్కటే ఎంతవరకు పనిచేస్తుందన్నది వేరే సంగతి. 2017లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో పగటి పరీక్షలు మాత్రమే చేసినవారికి చెప్పుకోదగ్గ ప్రయోజనం కనబడలేదు.

ఇక మన గ్రంథాల విషయం. బ్రహ్మసూత్రాల మూడవ అధ్యాయం, రెండవ పాదంలోని సంధ్యాధికరణానికి శంకరుల భాష్యం స్వప్న లక్షణాలను నిశితంగా వివరిస్తుంది. దేహంలో రథాలకు చాలినంత చోటు లేదు. కురుదేశంలో నిద్రించి కలలో పాంచాలం వెళ్లినవాడు మేల్కొనేది కురుదేశంలోనే. రథమని నిశ్చయించుకున్నది క్షణంలో మనిషి అవుతుంది, ఆ మనిషి క్షణంలో చెట్టవుతాడు. ఈ చివరి లక్షణం, రెండవసారి చదివితే మారిపోయే అక్షరాలు ఒకే పరిశీలన నుంచి పుట్టినవే. కాని శంకరులు ఈ లక్షణాలను మేల్కొన్నవాని వైపు నుంచి, స్వప్నం మాయామాత్రమని నిరూపించే హేతువులుగా చెబుతున్నారు. కలలో ఉన్నవాడు వాటిని ప్రయోగించి చూడాలన్న సూచన అక్కడ లేదు. యోగవాసిష్ఠంలోని గాధి కథ మరొక దారి పడుతుంది. నీటిలో మునిగిన క్షణంలో తాను మరొక జన్మ ఎత్తి, రాజై, చివరికి అగ్నిప్రవేశం చేసినట్లు చూసిన గాధి, ఆ దేశాలకు వెళ్లి విచారిస్తే అన్నీ జరిగినట్లే తేలుతాయి. పరీక్ష పెట్టినవాడిని పరీక్షే మోసగించిందన్నమాట. పగటి సాధన స్పష్టంగా కనిపించేది టిబెట్ బౌద్ధుల స్వప్నయోగంలో. నారోపా పేరిట ప్రసిద్ధమైన ఆరు యోగాలలో ఇది ఒకటి. అయితే అక్కడి సాధకుడు పగలంతా 'ఇది కల' అని భావిస్తాడు. టోలీ శిష్యుడు 'ఇది కలా?' అని అడుగుతాడు. నిశ్చయానికీ ప్రశ్నకూ మధ్య ఉన్న ఈ భేదాన్ని గమనించకుండా రెండింటినీ ఒకటే అనడం తొందరపాటు.

అనుభవం మధ్యలో నిలబడి అడిగిన ప్రశ్న మనకు తత్త్వగ్రంథాలలో కంటే కావ్యంలో స్పష్టంగా దొరుకుతుంది. మన్ను తిన్న కృష్ణుని నోట బ్రహ్మాండాన్ని చూసిన యశోద సందేహాన్ని పోతన దశమస్కంధంలో ఒక ప్రసిద్ధ పద్యంలో నిలిపాడు. దానిని సందేహాలంకారమని చెప్పి ఊరుకోవచ్చు. మూలంతో పోల్చి చూస్తే మరికొంత కనిపిస్తుంది. సంస్కృత భాగవతంలోని సంబంధిత శ్లోకంలో యశోద ముందున్నవి నాలుగు వికల్పాలు: స్వప్నం, దేవమాయ, తన బుద్ధిమోహం, ఆ బిడ్డకు సహజమైన యోగశక్తి. పోతన యశోద వీటితో ఆగదు. తాను అసలు యశోదేనా, ఇది తన ఇల్లేనా, వేరే చోటా అని కూడా అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలు ఆ శ్లోకంలో లేవు. తరువాత మూలంలో వచ్చే 'నేను, నాది' అనే భ్రమ ప్రస్తావన వీటికి బీజం కావచ్చు. కాని అక్కడ అది తత్త్వ నిర్ణయం. పోతన దగ్గర అది తల్లి తడబాటు. ఎవరు, ఎక్కడ అని తన్ను తాను తడిమి చూసుకోవడం టోలీ కోరిన విచారణకు ఎంతో దగ్గరిది.

పద్యం చివరి తర్కం మరింత ఆసక్తికరం. పిల్లవాడు ఎంత, వాడి నోట బ్రహ్మాండం ఎలా ఇమిడింది అన్నది ఆమె ప్రశ్న. శంకరుల రథానికి దేహంలో చోటు లేనట్లే బ్రహ్మాండానికి ఆ చిన్ని నోట చోటు లేదు. భాష్యంలో ఈ అసంగతి దృశ్యం మాయ అనడానికి హేతువైంది. ఆధునిక సాధకుడికీ అది కల అనడానికి గుర్తు. యశోద మాత్రం అదే అసంగతి నుంచి, ఎదుట ఉన్నవాడు సర్వేశ్వరుడన్న నిర్ణయానికి వస్తుంది. పరీక్ష ఒకటే, ఫలితాన్ని చదివే తీరు వేరు.

ఆ ఎరుక ఆమెకు నిలవదు. కృష్ణుడు వైష్ణవమాయ కప్పగానే చూసినదంతా మరచి బిడ్డను మళ్లీ ఒడిలోకి తీసుకుంటుంది. ఎరుక కలలు నేర్చేవారు తరచు చెప్పుకునే ఇబ్బందీ ఇదే: కల అని తెలిసిన మరుక్షణం కథలో పడి ఆ సంగతి మరచిపోవడం. వారు దీనిని లోపంగా లెక్కిస్తారు. భాగవతానికి మాత్రం ఈ మరపు అవసరం. ఇది లేకపోతే ఆ పైన ఉలూఖల బంధనం సాగదు. సర్వేశ్వరుడని ఎరిగిన తల్లి రోటికి కట్టలేదు కదా.