శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో స్థానిక స్వపరిపాలన

ఊరి నీళ్లు, దారులు, దీపాలు, పారిశుద్ధ్యం వంటి అవసరాలను అక్కడి ప్రజలే ఎన్నుకున్న సభ చూసుకోవడం, అందుకు పన్ను వేసి ఖర్చుకు వారికే లెక్క చెప్పడం స్థానిక స్వపరిపాలన. ఉత్తరాంధ్రలో ఇది ఆలస్యంగా వేరూనింది. 1802లో మొదలైన శాశ్వత శిస్తు పద్ధతి వల్ల విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాల కింద ఉన్న పల్లెల్లో కరణం, మునసబు జమీందారుకూ సర్కారుకూ జవాబుదారులే తప్ప రైతులకు కారు. కొండ ప్రాంతాలనైతే 1839 నాటి చట్టం సాధారణ న్యాయపాలన నుంచి తప్పించి కలెక్టరుకు, అంటే ప్రభుత్వ ఏజెంటుకు అప్పగించింది. ‘ఏజెన్సీ’ అన్న పేరు అలా నిలిచిపోయింది.

రిప్పన్ ప్రభువు 1882లో చేసిన తీర్మానం తరువాత, 1884 నాటి మద్రాసు చట్టంతో జిల్లా, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. 1888లో విజయనగరం పురపాలక సంఘమైంది. అయితే ఆస్తిని బట్టి వచ్చే ఓటుతో కూడిన ఆ బోర్డులలో పాలేరుకు, కౌలుదారుకు చోటు దొరకలేదు. 1948లో జమీందారీల రద్దు చట్టం, ఆపై వయోజన ఓటు వచ్చాకే పంచాయతీ ఊరందరిదీ కాగలిగింది.

శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో జిల్లాలయ్యాయి. 1959లో వచ్చిన పంచాయతీ సమితుల స్థానంలో 1986 నాటి చట్టం అంతకంటే చిన్నవైన మండల పరిషత్తులను తెచ్చి, పాలనను పల్లెకు దగ్గర చేసింది. 73వ రాజ్యాంగ సవరణ ఐదేళ్లకొకసారి ఎన్నికలను తప్పనిసరి చేయగా, 1996 నాటి ‘పెసా’ చట్టం సవరలు, జాతాపులు నివసించే షెడ్యూల్డు ప్రాంతాలలో చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కును గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చి, భూసేకరణకు ముందు వారితో సంప్రదించాలన్నది. కొండమీది గూడేలకు ఇంతటి చట్టబలం అంతకుముందు ఎన్నడూ లేదు. కాగితం మీది ఆ హక్కు నిజం కావాలంటే సొంత నిధులు, సకాలంలో ఎన్నికలు రెండూ ఉండాలి. ఇక్కడ కొరవడుతున్నవి అవే. 2015లో శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ నగరపాలక సంస్థలైనా, 2021 మార్చిలో విజయనగరానికి ఎన్నికలు జరిగాయి గానీ శ్రీకాకుళానికి జరగలేదు.

2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు జిల్లా పరిషత్తులను విడదీయలేదు. అందువల్ల శ్రీకాకుళం జిల్లా నుంచి కొత్త జిల్లాలో చేరిన సీతంపేట ఆదివాసికి కలెక్టరు పార్వతీపురంలో ఉంటే, అతడు ఓటు వేసి పంపిన సభ్యుడు శ్రీకాకుళం జిల్లా పరిషత్తులో కూర్చున్నాడు.