“తెల్లవాడి సమాధి”కి ప్రయాణ సూచనలు

సియెర్రా లియోన్‌కు బయలుదేరే బ్రిటిష్ ప్రయాణికునికి ఈనాడు ఇచ్చే సూచనలు చాలా సాధారణంగా కనిపిస్తాయి. పచ్చజ్వరానికి టీకా వేయించుకున్నట్లు పత్రం చూపాలి. మలేరియా మాత్రలు మానకుండా మింగాలి, దోమతెర దగ్గర వుంచుకోవాలి. విమానాశ్రయం లుంగీలో వున్నది, రాజధాని ఫ్రీటౌన్ ఏటిముఖానికి ఆవలి ఒడ్డున వున్నది గనుక పడవ సంగతి ముందే చూసుకోవాలి. వీటిలో ఆక్షేపించవలసిందేమీ లేదు. కాని ఈ సూచనలకు రెండు వందల ఏళ్ల చరిత్ర వున్నది. దేనినుంచి కాపాడుకోమని ఆ సూచనలు చెప్పాయి? రోగంనుంచా, మనుషులనుంచా? ఈ ప్రశ్న వేసుకొని చదివితే ఆ చరిత్ర మరో విధంగా కనిపిస్తుంది.

బానిసత్వంనుంచి బయటపడిన నల్లవారు 1792లో ఫ్రీటౌన్‌ను స్థాపించారు. 1808లో అది బ్రిటిష్ రాజు వలస అయింది. ఆ తీరానికి “తెల్లవాడి సమాధి” అన్న పేరు ఆ తరువాత స్థిరపడింది. 1836లో రాంకిన్ అనే ఇంగ్లీషు రచయిత సియెర్రా లియోన్ మీద రాసిన పుస్తకానికి ఆ పేరే పెట్టాడు. పేరు వూరికే రాలేదు. 1819–36 మధ్య అక్కడి బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 483 మంది రోగాలతో చనిపోయారని సైన్యపు లెక్కలే చెప్పాయి. ఆ సైనికులెవరు? చాలామంది ఏవో నేరాలకు శిక్షకు బదులుగా అక్కడికి తోలబడిన పేదవాళ్లు. వారికి ఎవరూ ప్రయాణ సూచనలు ఇవ్వలేదు.

అదే చోట ఆఫ్రికన్ సైనికులలో మరణాలు వెయ్యికి సుమారు ముప్పై మాత్రమే. దీనినుంచి దొరలు తీసిన నిర్ణయం: ఆ గాలి నల్లవాడికి పడుతుంది, తెల్లవాడికి పడదు. అసలు కారణం వేరు. బాల్యంనుంచీ జ్వరం పడి, పడి బతికి బయటపడినవారికి కొంత నిరోధశక్తి వస్తుంది. బతకని పిల్లల సంగతి ఏ సైన్యపు లెక్కలోకీ రాదు. ఆ తీరం ఎవరి సమాధి అని అడిగినప్పుడు ఆ పసిపిల్లల సమాధులను కూడా లెక్కించవలసి వుండింది. ఎవరూ లెక్కించలేదు.

ఆనాటి సూచనలు ఆనాటి అజ్ఞానానికి తగినట్లే వుండేవి: తలకు సోలాటోపీ, నడుముకు ఫ్లానెల్ పట్టీ, రాత్రి మంచులో తిరగరాదు, చిత్తడినేలలనుంచి లేచే ఆవిరి పీల్చరాదు. 1890లలో ఆ తీరానికి వెళ్లిన మేరీ కింగ్‌స్లీ తన ప్రయాణపు గ్రంథంలో ఒక వెటకారం చేసింది: ఆ ఓడలవాళ్లు రాకపోకల టిక్కెట్టు అమ్మరట! నవ్వుతూ చెప్పినా అందులో వ్యాపారపు లెక్క దాగివున్నది.

క్వినైన్ వచ్చి ఈ పరిస్థితిని మార్చింది. 1841లో నైజర్ నదిలోకి వెళ్లిన బ్రిటిష్ యాత్రలో తెల్లవారిలో అత్యధికులు జ్వరపడ్డారు, నలభైమందికి పైగా చనిపోయారు. 1854లో డాక్టర్ బైకీ అదే నదిలోకి వెళ్లి, తనవాళ్లచేత జ్వరం రాకముందే రోజూ క్వినైన్ మింగించాడు. తెల్లవాడొక్కడూ చావలేదు. ఆ మందు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల చెట్టుబెరడు. 1860లలో ఆ చెట్లనే తెచ్చి మన నీలగిరులలో నాటారు. ఒక ఖండపు అడవి, మరో ఖండపు తోటకూలీ కష్టం చేరి మూడో ఖండపు నదులను దొరలకు తెరిచిపెట్టాయి. ఆ తరువాత నలభై, యాభై ఏళ్లలో బ్రిటిష్ అధికారం ఆ తీరంనుంచి లోపలికి పాకింది. దానికి తుపాకి ఎంత కారణమో క్వినైన్ కూడా అంత కారణమని కొందరు చరిత్రకారులు అంటారు. ఆ మాట కొంచెం అతిశయోక్తి, కాని అబద్ధం కాదు.

ఈ చరిత్రలో మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన మనిషి జేమ్స్ ఆఫ్రికానస్ హార్టన్. 1835లో ఫ్రీటౌన్ సమీపాన గ్లౌస్టర్ అనే గ్రామంలో పుట్టాడు. బానిస ఓడనుంచి విడిపించబడిన కుటుంబం. లండన్‌లోను, ఎడింబరోలోను చదివి 1859లో వైద్యపట్టా పొందాడు. బ్రిటిష్ సైన్యంలో ఇరవై ఏళ్లు వైద్యాధికారిగా పనిచేశాడు. 1867లో పశ్చిమ ఆఫ్రికా వాతావరణం మీద పెద్ద గ్రంథం రాస్తూ, ఉష్ణదేశాలలో ఆరోగ్యం కాపాడుకోవడానికి యూరపియనులకు విలువైన సూచనలు ఇస్తున్నానని దాని పేరులోనే చెప్పుకున్నాడు. అప్పటికి దోమ సంగతి ఎవరికీ తెలియదు. హార్టన్ కూడా చిత్తడి ఆవిరినే నమ్మాడు. అయితే మురుగుకాలవలు తవ్వాలని, పట్టణమంతా శుభ్రపడాలని, పశ్చిమ ఆఫ్రికాలోనే వైద్యవిద్య నేర్పాలని వాదించాడు. తెల్లవాడికి బతకడం ఎలాగో నేర్పినవాడు నల్లవాడు. 1902లో వలస ప్రభుత్వం పశ్చిమ ఆఫ్రికా వైద్యశాఖను ఏర్పరచినప్పుడు, అందులో చేరడానికి తల్లిదండ్రులు యూరపియనులై వుండాలని నిబంధన పెట్టింది. అప్పటికి బతికివుంటే హార్టన్ దరఖాస్తు కూడా పెట్టుకోలేడు.

ఇంతలో దోమ రహస్యం బయటపడింది. అది మన సికిందరాబాదులో బయటపడింది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ దోమ కుట్టినది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. హుసేన్ ఖాన్ తరువాత ఏమయ్యాడో పుస్తకాలలో లేదు.

రెండేళ్లు తిరగకుండా, 1899లో రాస్ లివర్‌పూల్‌నుంచి ఫ్రీటౌన్‌కు వెళ్లి, వీథిగుంటలలోని నీళ్లలో ఆ జాతి దోమపిల్లలను కనిపెట్టాడు. ఇప్పుడు రెండు దారులున్నాయి. గుంటలు పూడ్చి, మురుగు తీసి పట్టణమంతటినీ కాపాడటం ఒకటి. 1901లో రాస్ మళ్లీ వచ్చి కూలీ దళాలచేత ఆ పని చేయించి చూపాడు కూడా. రెండవ దారిని స్టీఫెన్స్, క్రిస్టోఫర్స్ అనే పరిశోధకులు 1900లో చెప్పారు: ఆఫ్రికన్ పిల్లల రక్తమే ఈ క్రిములకు నిలవ, కనుక తెల్లవాడు ఆ పిల్లలకు దూరంగా నివసించాలి. మొదటి దారికి ఏళ్ల తరబడి ఖర్చు, పైగా ఆ ఖర్చు నల్లవాడికోసం కూడా. 1898లోనే, ఇంటిపన్నుకు వ్యతిరేకంగా లోపలి ప్రాంతాలు బై బురే నాయకత్వాన తిరగబడ్డాయి. ప్రజలమీద ప్రభుత్వానికి నమ్మకం నశించివున్నది. ఏ దారి ఎన్నుకున్నదో ఊహించడం కష్టం కాదు. రాస్‌ను కూడా మనం పూర్తిగా వెనకేసుకురాలేము: తెల్ల అధికారుల ఇళ్లను ఎత్తైన చోటికి మార్చాలన్న ఆలోచనను ఆయనా బలపరిచాడు.

1904 నాటికి పట్టణానికి పైన కొండమీద “హిల్ స్టేషన్” సిద్ధమైంది. ఇంగ్లండులో తయారైన విడిభాగాలు ఓడలలో వచ్చాయి. స్తంభాలమీద చెక్క బంగళాలు లేచాయి. అధికారులను ఉదయం కచ్చేరీలకు దింపి సాయంత్రం పైకి చేర్చడానికి ప్రత్యేకంగా ఒక చిన్న రైలుమార్గం వేశారు. దోమ కుట్టేది రాత్రి గనుక రాత్రి అక్కడ నల్లవారు నిద్రించరాదు. నౌకర్లకు మాత్రం మినహాయింపు. దొరగారి కాఫీకి దోమశాస్త్రం అడ్డురాదు కదా!

చెప్పవలసిన విషయం ఇదే. “పిల్లలున్న ఇళ్లకు దూరంగా పడుకో” అనేది ఒక ప్రయాణికునికి ఇస్తే వట్టి జాగ్రత్త. ప్రభుత్వం చేతికి వచ్చేసరికి అదే పట్టణ నిర్మాణసూత్రమైంది, రంగుగీత అయింది. పైగా దానికి శాస్త్రం ముద్ర పడింది. ఫ్రీటౌన్‌లోని చదువుకున్న క్రియోలు – లాయర్లు, డాక్టర్లు, పత్రికల వాళ్లు – ఇది తమకు జరిగిన అవమానమని గ్రహించారు. అంతకుముందు తెల్లవారూ వారూ ఒకే వీథిలో కాపురముండేవారు. మలేరియా మాత్రం కింద పట్టణంలో అలాగే వుండిపోయింది. కొండరైలు 1929లో ఆగిపోయింది.

1961 ఏప్రిల్ 27న సియెర్రా లియోన్ స్వతంత్రమైంది. పాత అలవాటు అంత త్వరగా పోలేదు. 2014లో ఎబోలా జ్వరం చెలరేగినప్పుడు ప్రయాణికులకు అందిన సూచన ఒక్కటే: వెళ్లవద్దు. ఆ ఆగస్టులో బ్రిటిష్ విమానాలు రావడం మానేశాయి. కెనెమా ఆసుపత్రిలో ఎబోలా రోగులకు వైద్యం చేసిన డాక్టర్ షేక్ ఉమర్ ఖాన్ అప్పటికే, జూలైలో, ఆ జ్వరంతోనే కన్నుమూశాడు. అక్టోబరులో 165 మంది క్యూబన్ వైద్యసిబ్బంది ఆ దేశానికి వచ్చారు. బ్రిటన్ కూడా సైనికులను, వైద్యులను పంపిందనడం న్యాయం. వ్యాధి తగ్గేలోగా అక్కడ నాలుగువేలమందికి దగ్గరగా మరణించారు.

హిల్ స్టేషన్ అన్న పేరు ఫ్రీటౌన్‌లో ఇంకా వాడుకలో వున్నది. 2024 ఏప్రిల్‌లో ఆ దేశంలో మలేరియా టీకాలు వేయడం మొదలుపెట్టారు. మొదట వేసినది పసిపిల్లలకు.