కైఫియత్ గడి

చాలా రోజుల తరువాత మళ్ళీ ఇటువైపు వచ్చాను. పద్యాల గురించి, నిఘంటువుల గురించి వ్రాసుకొనే వానికి కంప్యూటరు పద్దుల గొడవ ఎందుకని పాత మిత్రులు అడుగవచ్చును. కారణమున్నది.

మా ఇల్లు చైతన్యపురిలో. మా వీధిలో ఆడపిల్లల హాస్టళ్ళు నాలుగైదున్నవి. దిల్‌సుఖ్‌నగర్‌లో శిక్షణ కొరకు జిల్లాల నుండి వచ్చిన పిల్లలు అందులో ఉంటారు. నిరుడు వేసవిలో ఒక రాత్రి నల్లగొండ జిల్లా నుండి వచ్చిన ఒక తండ్రి కూతురిని వెంటబెట్టుకొని మా గుమ్మంలో నిలుచున్నాడు. మరునాడు ఉదయం ఆ అమ్మాయికి సంస్థ వారి పరీక్ష. అందులో వచ్చిన మార్కులను బట్టి రుసుములో రాయితీ ఇస్తారు. మూడు రోజుల క్రిందటే ఆయన ఫోను ద్వారా డబ్బు కట్టాడు. బ్యాంకు వారి సందేశం కూడా చూపించాడు. సంస్థ కంప్యూటరులో మాత్రం బాకీ ఉన్నట్లే కనబడుతున్నది, హాల్ టికెట్టు ఇవ్వమన్నారు. నా దగ్గరకు ఎందుకు వచ్చాడంటే, ఆ లెక్కల సాఫ్టువేరు వ్రాసి ఇచ్చినవాడు నా పూర్వ విద్యార్థి. ఎల్.బి.నగర్‌లో ఇద్దరు మిత్రులతో కలిసి ఒక చిన్న గదిలో పని చేసుకొంటున్నాడు. (తంత్రాంశమనే మాటను మనమందరం తర్జనభర్జన పడి తెచ్చుకొన్నాము గనుక ఒక్కసారి వాడాను. ఇక మీదట సాఫ్టువేరనే అంటాను.)

ఫోను చేశాను. "మాస్టారూ, లాగ్ చూసి చెప్తాను" అన్నాడు. ముగ్గురూ అర్ధరాత్రి దాటే వరకు వెదికారు. దొరకలేదు. తెల్లవారిన తరువాత దొరికింది. సంస్థకు చెప్పి, హాల్ టికెట్టు ఇప్పించి, పిల్ల వెళ్ళి కూర్చునేసరికి పరీక్ష మొదలై అరగంట గడిచిపోయింది.

ఆ మరుసటి ఆదివారం వాడు మా ఇంటికి వచ్చి, తలవంచుకొని, ఆ లాగ్ తెరిచి చూపించాడు. సాఫ్టువేరు తాను చేసిన ప్రతి పనినీ క్షణక్షణానికీ వ్రాసుకొనే పద్దు అది. చూడగానే నాకు రోగం తెలిసింది, ఎందుకంటే అది భాషకు సంబంధించిన రోగం. అన్నీ వాక్యాలే. ఒకడు రుసుము అందినదని వ్రాయించాడు, రెండవవాడు చెల్లింపు పూర్తయినదని, మూడవవాడు డబ్బు జమ అయినదని. ఒకచోట విద్యార్థి పేరున్నది, సంఖ్య లేదు. మరొకచోట సంఖ్య ఉన్నది, పేరు లేదు. అన్నిటికంటె ఘోరం, ఒక భాగంలో కాలం మన లెక్క, మరొక భాగంలో గ్రీన్విచ్ లెక్క. రాత్రి తొమ్మిదికి కట్టిన డబ్బు ఆ పద్దులో మధ్యాహ్నం మూడున్నరకు ఉన్నది. వీళ్ళు రాత్రి తొమ్మిది దగ్గరనే వెదుకుతూ కూర్చున్నారు.

పరీక్ష పత్రమైతే ముగ్గురికీ మార్కులు వేసేవాణ్ణి. ఒకే భావాన్ని మూడు విధాల చెప్పగలగడం కవికి గుణము, పద్దుకు దోషము.

ఈ లాగ్ అనే మాటకు మూలం కొయ్యదుంగ. వెనుకటి నావికులు ముడులు వేసిన త్రాటికి కొయ్యముక్క కట్టి సముద్రంలో విడిచి, ఇసుక గడియారం ఒలికేలోగా ఎన్ని ముడులు చేజారినవో లెక్కించి ఓడ వేగం తెలుసుకొనేవారు. ఆ లెక్క వ్రాసుకొనే పుస్తకం లాగ్ బుక్కు అయింది. త్రాడు లాగడం గనుక లాగ్ అని మనవాళ్ళెవరైనా వ్యుత్పత్తి చెప్పగలరు, నేను మాత్రం ఆ సాహసం చేయను! మనకు దీనికి చక్కని మాట ఎప్పటినుండో ఉన్నది: చిట్టా. కొట్టులో జరిగినది జరిగినట్లు, జరిగిన వరుసలో వ్రాసేది చిట్టా. పేరు పేరునా ఖాతాలకు ఎక్కించేది ఆవర్జా. చిట్టాలో కొట్టివేతలు పనికిరావు, తప్పు పడితే క్రింద మరొక పద్దు వ్రాయాలి. కంప్యూటరు లాగ్‌కు కూడా ఇదే ధర్మం.

మొదట్లో దాన్ని చదివేవాడు మనిషే. 1947 సెప్టెంబరు 9న హార్వర్డు వారి మార్క్-2 యంత్రంలో చిక్కిన చిమ్మటను పుస్తకంలో అతికించి వ్రాసిన పద్దు ప్రసిద్ధమే కదా, అది చేతివ్రాత. 1980లలో బెర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ ఉత్తరాల పంపిణీ సాఫ్టువేరు కొరకు సిస్‌లాగ్ అనేదాన్ని తయారుచేశాడు. అది లోకమంతా పాకింది. అందులోనూ కాలం, యంత్రం పేరు, తరువాత ఒక వాక్యం. ఆ వాక్యం ఎవరి ఇష్టం వారిది. పద్దులు వందల్లో ఉన్నంతకాలం మనిషి కన్ను చాలింది. అవి రోజుకు లక్షలైనప్పుడు చదివేది మరొక యంత్రమే కావలసి వచ్చింది. యంత్రానికి అన్వయం తెలియదు, అధ్యాహారం తెలియదు. 2009లో సిస్‌లాగ్ నియమావళిని తిరిగి వ్రాసినప్పుడు పేరు–విలువ జంటలుగా వ్రాసే భాగాన్ని అందులో చేర్చారు. ఇప్పుడు ఎక్కువమంది జేసన్ అనే పద్ధతిలో వ్రాస్తున్నారు. సంఘటన ఇది, విద్యార్థి సంఖ్య ఇది, మొత్తం ఇంత, కాలం ఇది, ఫలితం ఇది అని, ప్రతి దానికీ ఒక గడి.

మన మిత్రులకు ఇది బోధపడడానికి వేరే ఉపమానం అక్కరలేదు. యూనికోడుకు ముందు మన పత్రికల జాలస్థలాలు ఎలా ఉండేవో గుర్తున్నది కదా. ఒక్కొక్కరిది ఒక్కొక్క ఖతి. కంటికి ముచ్చటైన తెలుగే, వెదకబోతే ఒక్క మాట దొరికేది కాదు. లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగులా కనబడే ఇంగ్లీషు గుర్తుల గుంపు. పద్మ వంటి ఉపకరణాలతో దాన్ని మార్చుకొని చదివేవాళ్ళం. 1991లోనే యూనికోడులో తెలుగుకు స్థానం దొరికినా, అది మన చేతిలోకి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మీకు తెలియనిది కాదు. మనిషి చదువగలగడం వేరు, యంత్రం చదువగలగడం వేరు అని మనం ముందే నేర్చుకొన్నవాళ్ళం.

ఇక నేను అసలు చెప్పదలచిన చరిత్ర. మా శిష్యునికి ఆ రోజు ఇదే చెప్పాను. వాడు రోజూ ఎల్.బి.నగర్ కూడలిలో సాగర్ రోడ్డు మలుపు దాటుతాడు. ఆ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి పోతే జపాల్–రంగాపూర్. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 1968లో నెలకొల్పిన 48 అంగుళాల దూరదర్శిని ఉన్నది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుండి పరిశీలించారు. దానికి తల్లి బేగంపేటలోని నిజామియా వేధశాల.

జఫర్ జంగ్ అనే నవాబుకు నక్షత్రాల పిచ్చి. 1901లో ఇంగ్లండు నుండి 15 అంగుళాల దూరదర్శిని తెప్పించి ఫిసల్‌బండలో పెట్టించుకొన్నాడు. 1907లో ఆయన పోయిన తరువాత వేధశాల నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి, బేగంపేటకు మారింది. ఆ రోజుల్లో ప్రపంచమంతటా ఒక మహాకార్యం నడుస్తున్నది. 1887లో ప్యారిస్‌లో సంకల్పించినది, ఆకాశం మొత్తాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించి, పదకొండవ తరగతి కాంతి వరకు ఉన్న ప్రతి నక్షత్రం స్థానాన్నీ కొలిచి అచ్చువేయడం. ఇరవై వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకొన్నవి. చిలీ దేశపు సాంటియాగో వారు చేయలేకపోయిన దక్షిణ పట్టీ, 17 నుండి 23 డిగ్రీల వరకు, హైదరాబాదుకు వచ్చింది. చాట్‌వుడ్ ఆరంభించాడు, పోకాక్ నడిపించాడు, 1918లో ఆయన మరణించిన తరువాత టి.పి.భాస్కరన్ 1944 వరకు ఆ భారం మోశాడు. దక్షిణ పట్టీ ముగిసిన తరువాత ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల పట్టీలో కూడా చేయి వేశారు. మొత్తం 7,63,542 నక్షత్రాలు, పన్నెండు సంపుటాలు.

ఆ పని ఎలా జరిగిందో ఆలోచించండి. ప్రతి గాజు పలక మీదా ముందుగా చిన్న గళ్ళ వల ముద్రిస్తారు. ఆకాశం ఫొటో పడిన తరువాత సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, ఒక్కొక్క చుక్క ఏ గడిలో ఎంత అడ్డంగా, ఎంత నిలువుగా ఉన్నదో కొలిచి వ్రాస్తారు. అడ్డుకొలత, నిలువుకొలత, కాంతి, అంతే. నక్షత్రం ఎంత అందంగా ఉన్నదో వ్రాసే వీలు లేదు. ఏ రాత్రి తీశారు, పలక మధ్యబిందువు ఎక్కడ అనే సంగతులు ప్రతి చుక్క దగ్గరా తిరిగి వ్రాయరు. పలకకు ఒక సంఖ్య ఉన్నది, ఆ సంఖ్య పట్టుకొంటే అన్నీ తెలుస్తాయి. ఇప్పటి సాఫ్టువేరు వారు ఒక లావాదేవీకి ఒక గుర్తుసంఖ్య ఇచ్చి, అది నాలుగు యంత్రాలు తిరిగినా దాన్నే ప్రతి పద్దులోనూ వ్రాయించడం ఇదే కదా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

ఆ సంపుటాలు చాలా దశాబ్దాలు ఎవరికీ పట్టలేదు. పలక మీది కొలతలను ఆకాశంలోని స్థానాలుగా మార్చడం చేతితో అయ్యే పని కాదు, యంత్రం చదివే రూపంలో అవి లేవు. 1980లలో, 90లలో మాస్కోలో, ఇతరచోట్ల కూర్చుని ఆ అంకెలన్నీ కంప్యూటరులోకి ఎక్కించారు. 1989లో ఐరోపా వారు పంపిన హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను ఎన్నడూ లేనంత సూక్ష్మంగా కొలిచి తెచ్చింది. ఆ కొలతలు ఆధారంగా అమెరికా నౌకాదళ వేధశాల వారు 1997లో పాత పలకల లెక్కలన్నిటినీ సవరించి, 46 లక్షల నక్షత్రాల సూచికగా వెలువరించారు. అప్పుడు తెలిసింది వాటి విలువ. నక్షత్రాలు కదులుతాయి, అతి మెల్లగా. ఆ కదలిక తెలియాలంటే పాత స్థానం కావాలి, అది ఏనాటిదో కావాలి. 2000లో వచ్చిన టైకో-2 సూచికలో పాతిక లక్షల నక్షత్రాల చలనం లెక్కకట్టారు. అందుకు ఆధారమైన పాత లెక్కల్లో బేగంపేటలో కొలిచిన చుక్కలూ ఉన్నవి. భాస్కరన్‌కు కంప్యూటరంటే ఏమిటో తెలియదు. గడులు సరిగా ఉన్నవి, కాలం సరిగా ఉన్నది, అంతే.

ఇంత చెప్పిన తరువాత వాడు ఉత్సాహపడి, వాక్యాలన్నీ తీసిపారేస్తాను మాస్టారూ అన్నాడు. అక్కడ ఆపాను.

మన తెలంగాణ పల్లెల్లో పాత పహాణీలు చూచినవారికి తెలుస్తుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట, అన్నిటికీ గడులు. ఉర్దూ రోజుల రిజిస్టర్లలో చిట్టచివరి గడికి కైఫియత్ అని పేరు. ఇప్పటి రిమార్కుల గడి అదే. కడమ గడుల్లో ఇమడని సంగతి ఏదైనా అక్కడ వ్రాయాలి. ఈ మాటనే మెకంజీ దొర కొరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి మనుషులు ఊరూరా తిరిగి సేకరించిన స్థానిక చరిత్రలకు వాడడం మనకు తెలుసు. ఒకచోట కైఫియత్ అంటే గ్రామ చరిత్ర మొత్తం, మరొకచోట రెండంగుళాల గడి. ఆ గడి లేని పట్టిక అబద్ధమాడుతుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బడిలో చేర్చుకొనే రిజిస్టరు వ్రాసేవాణ్ణి. పుట్టినతేదీ గడి ఖాళీగా ఉండరాదు, తల్లికి తేదీ గుర్తుండదు. వానలు పడ్డ ఏడు అంటుంది. నేను జూన్ 1 అని వేసేవాణ్ణి. అలా ఎందరికి వేశానో! గడి నిండింది, యంత్రం ఇవాళ హాయిగా చదువుతుంది, అది తప్పు. తేదీ ఉజ్జాయింపు అని కైఫియత్ గడిలో ఒక్క మాట వ్రాసి ఉంటే బాగుండేది, వ్రాయలేదు. ఆ పిల్లల్లో కొందరు ఈపాటికి ఉద్యోగ విరమణ కూడా ఆ తేదీకే చేసి ఉంటారు.

మా వాడు రెండు నెలలు కష్టపడి పద్దంతా మార్చాడు. సంఘటనల పేర్లు ముగ్గురూ కూర్చుని ఒక పట్టికగా వ్రాసుకొన్నారు, దానిలో లేని పేరు వాడరాదు. కాలమంతా గ్రీన్విచ్ లెక్కలోనే, చూపించేటప్పుడు మాత్రం మన లెక్క. తండ్రుల ఫోను నంబర్లు పద్దులో పడుతుంటే తీసివేశారు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి వాడే చెప్పాడు. చివరన వాక్యానికి ఒక గడి మిగిల్చారు. ఆ గడికి ఇంగ్లీషు అక్షరాల్లోనే అయినా కైఫియత్ అని పేరు పెట్టాడు. తరువాత ఎవరైనా ఇదేమిటని అడిగితే నా ఫోను నంబరు ఇస్తాడట.

మొన్న ఒకసారి ఆ సంస్థ వైపు వెళ్ళవలసి వచ్చి, ఆనాటి పరీక్ష హాజరు పట్టిక చూచాను. ఆ అమ్మాయి పేరు ఎదుట హాజరు అని మాత్రమే ఉన్నది. ఆలస్యంగా కూర్చున్నట్లు ఎక్కడా లేదు. రాయితీ గురించి మళ్ళీ అడుగుదామంటే చూపించడానికి కాగితం లేదు. వాడి పద్దులో హాల్ టికెట్టు ఇచ్చిన సమయం ఉన్నది కదా, దాన్ని అచ్చు తీసి ఇమ్మన్నాను. వచ్చే వారం ఆ తండ్రితో కలిసి వెళ్తున్నాము.

జపాల్ వేధశాల సంగతి మరొక టపాలో.